సైడ్‌బాటమ్ అనే ఇంటిపేరు విని నవ్వేశాను, శుక్రవారంలోగా ఎవరైనా ఆదుకోండి

హడర్స్‌ఫీల్డ్_పిల్లి
నాలుగు నెలల క్రితం బదిలీ మీద హైదరాబాదు నుంచి ఇంగ్లండుకు, పశ్చిమ యార్క్‌షైర్‌కు వచ్చాను. సోమవారం మా బృందానికి కొత్త మేనేజరు వచ్చారు. అరవైకి దగ్గరపడిన పెద్దమనిషి. చేయి కలుపుతూ పేరు చెప్పారు. ఇంటిపేరు సైడ్‌బాటమ్. నాకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గుతున్నట్టు నటించాను కానీ ఆయన కనిపెట్టేశారు. కోప్పడలేదు. "మరి నీ ఇంటిపేరుకు అర్థం ఏమిటి?" అని అడిగారు. మాది పిల్లి. అర్థం చెప్పాను. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన ఒక్కరే నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

శుక్రవారం ఆయనతో విడిగా సమావేశం ఉంది. ఆలోగా ఆ పేరు గురించి నాలుగు మంచి ముక్కలు తెలుసుకుని వెళ్లాలి. అసలు "పక్క పిరుదు" అని ఎవరైనా ఇంటిపేరు ఎందుకు పెట్టుకుంటారు? ఊరివాళ్లు ఎగతాళిగా పెట్టినదా?

మూడోఅంపైర్
మీరు క్రికెట్ చూడరని తేలిపోయింది. ర్యాన్ సైడ్‌బాటమ్ పుట్టింది మీరున్న హడర్స్‌ఫీల్డ్‌లోనే, 1978లో. ఎడమచేతి వాటం పేస్ బౌలర్, పరుగెత్తుతుంటే ఉంగరాల జుట్టంతా ఎగిరేది. 2008లో హామిల్టన్‌లో న్యూజీలాండ్ మీద హ్యాట్రిక్ తీశాడు. ఆ టెస్టు ఇంగ్లండ్ ఓడిపోయింది, అది వేరే కథ. 2010లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ ఊళ్లో ఆ పేరు విని నవ్వడమంటే కడపలో కారం విని నవ్వడమే.

గోదావరిగట్టు
ఉద్యోగం ఉందా పోయిందా? అది ముందు చెప్పండి.

హడర్స్‌ఫీల్డ్_పిల్లి
ఇప్పటికైతే ఉంది.

నిఘంటువు_పురుగు
పిరుదు కాదు మహానుభావా. మనం ఆ మాటను ఇప్పటి అర్థంతో వింటున్నాం కాబట్టి వచ్చిన తంటా ఇది. పాత ఇంగ్లీషులో "బోట్మ్" అంటే అడుగు, నేల. కొండల మధ్య లోయలో అడుగున ఉండే చదునైన నేలను కూడా అలాగే అనేవారు. ఆ మాట ఒంటిమీదికి ఎక్కింది 18వ శతాబ్దం చివరలో. ఇంటిపేర్లు అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందే స్థిరపడిపోయాయి. అంటే పేరు పెట్టినవాడికి ఆ పేరులో హాస్యం ఉందని తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. తరవాత మాట దారి తప్పింది, పేరు ఉన్నచోటే ఉండిపోయింది.

పాతపటం
పురుగుగారు చెప్పింది నిజం. దానికి తోడు "సైడ్" అంటే కొండ పక్క, వాలు. కాబట్టి కొండవాలు కింది లోయ అని అర్థం. తేలిపోయింది.

నిఘంటువు_పురుగు
తేలలేదు. ఈ పేరులో "సైడ్" పక్క కాదు. పాత ఇంగ్లీషులో "సీద్" అని ఇంకొక మాట ఉండేది, వెడల్పైన, విశాలమైన అని దాని అర్థం. వాడుకలోంచి పోయింది కాబట్టి ఇప్పటివాళ్లు దాన్ని తెలిసిన "సైడ్"గా వింటున్నారు. పేర్ల నిఘంటువులు ఎక్కువగా దీని వైపే మొగ్గుతాయి. వెడల్పైన లోయ. దగ్గరలోనే బ్రాడ్‌బాటమ్ అనే ఊరు కూడా ఉంది చూడండి, దాని అర్థమూ అదే.

పాతపటం
ఒకే అర్థానికి పక్కపక్కనే రెండు పేర్లా?

నిఘంటువు_పురుగు
మనకు పెద్దవాగు, పెద్దేరు పక్కపక్కన లేవా?

పాతపటం
సరే, వెడల్పుకు ఒప్పుకుంటున్నాను. వాలును మాత్రం పూర్తిగా వదలను.

మాంచెస్టర్_అత్తయ్య
మేము ఉండేది బరీలో. అక్కడి నుంచి ఆవిరి రైలు ఎక్కితే కొద్దిసేపటికే రామ్స్‌బాటమ్ అనే ఊరు వస్తుంది. మొదటిసారి పిల్లలను తీసుకువెళ్లినప్పుడు స్టేషను బోర్డు కింద నిలబడి నవ్వీ నవ్వీ పడిపోయారు, ఫొటో తీయడానికి పావుగంట పట్టింది. మా ఆయన కూడా అందులో ఒకరు. ఊరు మాత్రం ఎంత ముద్దుగా ఉంటుందో. నిజంగానే లోయలో అడుగున ఉంటుంది, మీద హోల్‌కమ్ కొండ, దాని మీద పీల్ స్తూపం. ఆ పేరుకు అర్థం పొట్టేలా?

నిఘంటువు_పురుగు
పొట్టేలు కావచ్చు, అడవి వెల్లుల్లి కూడా కావచ్చు. పాత ఇంగ్లీషులో అడవి వెల్లుల్లిని "హ్రమ్స" అనేవారు. వసంతంలో ఆ లోయల్లో తెల్లటి పూలతో నేలంతా పరుచుకుంటుంది, వాసన దూరానికే తగులుతుంది. పండితులు రెండర్థాలూ ఇస్తారు. నా ఓటు వెల్లుల్లికి.

మాంచెస్టర్_అత్తయ్య
మా ఇంటిపేరు వంకాయల. రామ్స్‌బాటమ్ వాళ్లతో వియ్యం కలిస్తే మసాలా బయటి నుంచి తెచ్చుకోనక్కరలేదు.

గోదావరిగట్టు
అత్తయ్యగారూ, పెళ్లి భోజనానికి నన్ను పిలవండి.

ఓరుగల్లు_కోట
తెలుగులో దీనికి సరైన మాట "కోన" అనుకుంటాను. కొండల నడుమ లోయ. తలకోనలో ఉన్నది అదే కదా. అలా చూస్తే మీ మేనేజరుగారిది పెద్దకోన, అత్తయ్యగారు చూసింది వెల్లుల్లికోన. ఇప్పుడు చెప్పండి, నవ్వు వస్తుందా? పెద్దకోన వారబ్బాయి అంటే ఎవరైనా లేచి కుర్చీ ఇస్తారు.

గోదావరిగట్టు
మా కోనసీమలో కొండలూ లేవు, లోయలూ లేవు. ఉన్నదంతా కొబ్బరి.

ఓరుగల్లు_కోట
మీ కోన అంటే మూల. గోదావరి పాయల మధ్య మూలగా ఉన్న సీమ. రెండు కోనలూ వేరు.

గోదావరిగట్టు
మమ్మల్ని మూలన కూర్చోబెట్టారు. బాగుంది.

రిటైర్డ్_మాస్టారు
ఒక ప్రాథమిక విషయం ఎవరూ చెప్పలేదు. ఈ పేర్లను ఎవరూ తమకు తాము పెట్టుకోలేదు. మనిషి తన పొలంలో తాను ఉన్నంతకాలం అతనికి ఇంటిపేరుతో పని లేదు. అక్కడి నుంచి కదిలి ఇంకో ఊరు వెళితే, అక్కడివాళ్లు "ఫలానా లోయ నుంచి వచ్చినవాడు" అంటారు. అదే పేరై కూర్చుంటుంది. మన సర్వేపల్లివారి సంగతీ అంతే. నెల్లూరు జిల్లా సర్వేపల్లిలో ఉన్నవాళ్లందరూ సర్వేపల్లివారు కారు, అక్కడి నుంచి బయటికి వెళ్లిన కుటుంబానికే ఆ పేరు అంటుకుంది. రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణి దగ్గర.

ఇంగ్లండులో 1066లో నార్మన్లు వచ్చాక పెద్ద జమీందారీ కుటుంబాలలో తరతరాలకు నిలిచే ఇంటిపేర్లు మొదలయ్యాయి. మామూలు రైతు కుటుంబాల దాకా దిగడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. 1400 నాటికి ఎక్కువమందికి వచ్చేశాయి. ఉత్తరాన ఇంకొంచెం ఆలస్యం. పన్ను వేసేవాడికి పేరు కావాలి కదా. 1379 నాటి తలపన్ను లెక్కలు యార్క్‌షైర్ పశ్చిమ భాగానికి సంబంధించినవి చాలావరకు మిగిలి ఉన్నాయి. అక్కడి ఇంటిపేర్లు వెతికేవాళ్లకు అవి బంగారు గని.

కడప_మిర్చి
అక్కడా పన్ను వాళ్లేనా? నాకు తెలుసు.

హడర్స్‌ఫీల్డ్_పిల్లి
అందరికీ కృతజ్ఞతలు. వేగంగా రాసుకుంటున్నాను. ఒక సందేహం. ఆ "పెద్దకోన" ఎక్కడుంది? పటంలో వెతికాను, సైడ్‌బాటమ్ అనే ఊరు కనిపించలేదు.

పాతపటం
ఊరు కాదు, ఊరు అయ్యేంత పెద్దదీ కాదు. బహుశా ఒక పొలం, రెండు ఇళ్లు. చెషైర్ జిల్లా తూర్పు అంచున ఎక్కడో ఉండేదని అనుకుంటారు. ఇలాంటి చోట్లు ఎన్నో మాసిపోయాయి, మనుషుల పేర్లలో మాత్రం మిగిలాయి.

చోటు పోయినా పేరు ఎక్కడ చిక్కగా ఉందో చూస్తే మూలం దొరుకుతుంది. 1881 జనాభా లెక్కలు మొత్తం కంప్యూటరులోకి ఎక్కించి పెట్టారు, ఇంటిపేర్ల పటాలు గీసేవాళ్లు ఎక్కువగా దాన్నే పట్టుకుంటారు. సైడ్‌బాటమ్, సైడ్‌బోథమ్ రెండూ కలిపి చూడండి. స్టేలీబ్రిడ్జ్, మోట్రమ్, గ్లోసప్ చుట్టూ ముద్దలా కనిపిస్తాయి. అంటే చెషైర్, లాంకషైర్, డార్బీషైర్ మూడూ కలిసే మూల. అక్కడి నుంచి పెన్నైన్ కొండలు దాటితే మీ హడర్స్‌ఫీల్డే. లండనులో, దక్షిణాన ఉన్నది అటూ ఇటూ చెదిరినవాళ్లు మాత్రమే. అయిదారు వందల ఏళ్లలో ఆ పేరు గట్టిగా నడిస్తే ఒక రోజు దూరం కదిలిందన్నమాట.

ఓరుగల్లు_కోట
దక్షిణాన లోయలు లేకనా?

పాతపటం
లోయలున్నాయి, "బాటమ్" అనే మాటా ఉంది. దక్షిణాన సుద్దరాయి కొండల్లో నీరు పారని పొడి లోయలను ఇప్పటికీ బాటమ్ అనే అంటారు. కానీ అక్కడ జనం పెద్ద ఊళ్లుగా కట్టుకుని ఉండేవారు, అందుకే ఊరి పేరే ఇంటిపేరయింది. పెన్నైన్ కొండల్లో ఊళ్లు తక్కువ. కొండకు ఒక ఇల్లు, లోయకు ఒక పొలం. ఒక్కొక్క పొలానికి ఒక్కొక్క పేరు, ఆ పేరు మోసే కుటుంబం ఒక్కటే. అందుకే అక్కడ వింత పేర్లు ఎక్కువ, ఒక్కొక్క పేరు మోసేవాళ్లు తక్కువ.

మన్యం_మనిషి
పాడేరు వైపు మా గూడేలూ ఇలాగే ఉంటాయి. ఇది చదివాక ఆ కొండల మీద ఏదో బంధుత్వం కలిగింది.

మూడోఅంపైర్
అయితే మిగతా "బాటమ్" వాళ్ల లెక్కా చెప్పేయండి. ఫుట్‌బాల్‌లో వాల్టర్ వింటర్‌బాటమ్ ఉండేవాడు, 1946 నుంచి 1962 దాకా ఇంగ్లండ్ జట్టుకు మేనేజరు, ఆ పదవిలో మొట్టమొదటివాడు. పుట్టింది ఓల్డమ్. అదీ అదే కొండల కింద.

నిఘంటువు_పురుగు
వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువులను తోలుకుపోయే లోయ. లాంగ్‌బాటమ్ పొడవు లోయ, హాలిఫాక్స్ వైపు. రోబాటమ్‌లో మొదటి ముక్కకు గరుకు, ఎగుడుదిగుడు అని అర్థం. నాకు అందరికంటే ఇష్టమైనది హిగ్గిన్‌బాటమ్. అది హిగ్గిన్ అనేవాడి లోయ కాదు. బోల్టన్ దగ్గర ఓకెన్‌బాటమ్ అని ఒక చోటు ఉంది, ఓక్ చెట్ల లోయ. దాని నుంచే వచ్చిందంటారు. "ఓకెన్" నోట్లో నలిగి నలిగి జనానికి తెలిసిన హిగ్గిన్ అయిపోయింది. షఫుల్‌బాటమ్‌దీ అదే దారి. నడుము తిప్పుతూ నడిచేవాడు కాదు పాపం. బరీ పక్కన షిప్పర్‌బాటమ్ అనే చోటు పేరు అది, మొదటి ముక్కలో ఉన్నవి గొర్రెలు.

మాంచెస్టర్_అత్తయ్య
షఫుల్‌బాటమ్ మా పక్క వీధిలోనే ఉన్నారు! ఇన్నేళ్లూ నేను అనుకున్నది వేరు. ఆవిడను చూసినప్పుడల్లా తప్పుగా నవ్వుకున్నాను. రేపు పులిహోర పట్టుకెళతాను.

మూడోఅంపైర్
ఇప్పుడు ఒకటి అడుగుతాను, ఎవరూ నవ్వకండి. బోథమ్? ఇయాన్ బోథమ్?

నిఘంటువు_పురుగు
దాని కోసమే ఎదురుచూస్తున్నాను. అదే పేరు. బోథమ్ అన్నా బాటమ్ అన్నా ఒకటే లోయ.

మూడోఅంపైర్
ఆగండి. 1980లో వాంఖడేలో సెంచరీ చేసి, అదే టెస్టులో మన వాళ్లవి పదమూడు వికెట్లు తీసిన మనిషి, నా చిన్ననాటి సింహస్వప్నం, ఆయన ఇంటిపేరు ఇదా?

నిఘంటువు_పురుగు
పుట్టింది చెషైర్‌లోని హెస్వాల్. ఇంటిపేరుకు అర్థం లోయ అడుగు. అంతే.

మూడోఅంపైర్
కాసేపు మాట్లాడను.

కడప_మిర్చి
అర్థమైంది. సిగ్గుపడ్డవాళ్లు "బాటమ్"ను "బోథమ్"గా మార్చుకున్నారు. మనవాళ్లు అమెరికా వెళ్లి పేర్లు కత్తిరించుకోవడం లేదా, అలాగే.

నిఘంటువు_పురుగు
అందరూ అదే అంటారు, సగమే నిజం. "థ" పలుకు సిగ్గు వల్ల పుట్టలేదు. ఆ ప్రాంతపు యాసలో ముందునుంచీ ఉంది. 1324 నాటి పత్రంలో రామ్స్‌బాటమ్ ఊరి పేరు రోమెస్‌బోథమ్ అని ఉంది. అప్పటికి సిగ్గుపడటానికి ఏమీ లేదు. తరవాత రోజుల్లో రెండు రాతల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు కొందరు గౌరవంగా వినిపించేదాన్ని పట్టుకున్నారు, అంతవరకు మీరన్నది నిజం.

కడప_మిర్చి
నా సగం చాలు నాకు.

మాంచెస్టర్_అత్తయ్య
గౌరవం అంటే గుర్తొచ్చింది. ఇక్కడ కొందరు సైడ్‌బోథమ్ అని రాసి "సిడీబొటోమ్" అని సాగదీసి పలుకుతారు, ఫ్రెంచి వాళ్లలాగా. దీని మీద ఇక్కడివాళ్లు జోకులు వేసుకుంటారు. పిల్లిగారూ, ఆయన ఎలా పలుకుతారో ముందు విని అలాగే పలకండి.

హడర్స్‌ఫీల్డ్_పిల్లి
సూటిగా సైడ్‌బాటమ్ అనే అన్నారు. పెద్ద గొంతుతో. అందుకే కదా ఈ అనర్థం.

జన్యుల_జాబితా
ఇందాక పాతపటంగారు ఒక పొలం, ఒక కుటుంబం అన్నారు. ఆ మాటను రక్తంలో పరీక్షించి చూశారు. తండ్రి నుంచి కొడుకుకు ఇంటిపేరు వస్తుంది, వై క్రోమోజోము కూడా అలాగే వస్తుంది. కాబట్టి రెండూ కలిసి నడవాలి. 2000లో బ్రయన్ సైక్స్ అనే శాస్త్రవేత్త తన ఇంటిపేరు వాళ్లనే పరీక్షించాడు. సైక్స్ అంటే చిన్న వాగు. అదీ యార్క్‌షైర్ పేరే. సంబంధం తెలియని సైక్స్‌లలో దాదాపు సగం మందికి ఒకే రకం వై క్రోమోజోము కనిపించింది.

2009లో లెస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు నలభై ఇంటిపేర్లతో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. పేరు ఎంత అరుదైతే అంత దగ్గరి చుట్టాలని తేలింది. స్మిత్‌లలో ఆ పోలికే లేదు. ఊరికొక కమ్మరి ఉంటాడు, అందరికీ ఒకే తాత ఎలా ఉంటాడు? అటెన్‌బరో పేరు వాళ్లలో మాత్రం పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఒకే రకం. గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఇంటిపేరు అది. నాటింగమ్‌షైర్‌లో ఆ పేరుతో ఊరుంది.

రిటైర్డ్_మాస్టారు
మిగతా సగం సైక్స్‌ల సంగతేమిటి?

జన్యుల_జాబితా
దత్తతలు, అల్లుడు మామగారి పేరు తీసుకోవడం, అదే పేరుతో ఇంకో వాగు ఒడ్డున ఇంకో కుటుంబం. ఇంకా మాస్టారి ముందు చెప్పకూడనివి కూడా.

రిటైర్డ్_మాస్టారు
ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను నాయనా, నాకు తెలియనివి కావు. ఆ సూత్రాన్ని మన ఇంటిపేర్ల మీద ప్రయోగించవద్దని మాత్రం మనవి. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. ఒక ఊరి నుంచి నలుగురూ బయటికి వచ్చారు, నలుగురికీ ఆ ఊరి పేరే వచ్చింది. గోత్రాలు వేరు, రక్తం వేరు.

ఓరుగల్లు_కోట
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా ఇంటిపేరే ఉన్నాయన బస్సులో కలిస్తే బాబాయీ అని పిలిచాను. తరవాత చూస్తే ఏ వరసా లేదు. ఇప్పటికీ బాబాయీ అనే పిలుస్తాను, ఆయన కాదనలేదు.

సందేహాల_సుబ్బయ్య
ఇంగ్లండు వాళ్ల ఇంటిపేరుతో మనకేమిటి పని? ఇది తెలుగు వేదిక కాదా?

రిటైర్డ్_మాస్టారు
సుబ్బయ్యగారూ, పని ఉంది. ఇందాక ఒకరు బ్రాడ్‌బాటమ్ అన్నారు. 19వ శతాబ్దంలో అక్కడ నూలు మిల్లులు నడిపినవాళ్లు సైడ్‌బాటమ్‌లే. ఎథరో నది ఒడ్డున పెద్ద పెద్ద మిల్లులు. ఆ కుటుంబం నుంచి పార్లమెంటుకు కూడా వెళ్లారు. ఆ ప్రాంతమంతా పత్తి మీదే బతికింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైర్, చెషైర్ మిల్లులు మూతపడ్డాయి, లక్షలమంది పస్తులున్నారు. అప్పుడు మన దేశపు పత్తి మీద పడ్డారు. కృష్ణా, గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. ఆ పత్తికి వ్యాపారంలో పేరే "కోకనాడ". మొత్తం భారతదేశపు పత్తిని అక్కడి కార్మికులు "సూరత్" అనేవారు. పింజ పొట్టిది, మాటిమాటికి దారం తెగేది, కూలి పడిపోయేది. "దేవుడా పత్తి పంపు, సూరత్ మాత్రం వద్దు" అని ప్రార్థించేవారట. సూరత్ అంటే అక్కడ నాసిరకానికి మారుపేరైపోయింది. కాబట్టి పేరు విని మూతి తిప్పడంలో వాళ్లు మనకేమీ బాకీ లేరు.

సందేహాల_సుబ్బయ్య
ఒప్పుకున్నాను. వాళ్ల మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాలను ముంచిన సంగతి కూడా రాయండి మరి.

రిటైర్డ్_మాస్టారు
అది రాయడం మొదలుపెడితే శుక్రవారం దాటిపోతుంది.

మూడోఅంపైర్
తేరుకున్నాను. ఇంకొకటి. ర్యాన్ తండ్రి ఆర్నీ సైడ్‌బాటమ్ కూడా ఇంగ్లండుకు ఆడాడు, 1985లో ఆస్ట్రేలియా మీద, ఒకే ఒక్క టెస్టు. అంతకుముందు మాంచెస్టర్ యునైటెడ్‌కు ఫుట్‌బాల్ కూడా ఆడాడు. కొడుకు 2001లో పాకిస్థాన్ మీద మొదటి టెస్టు ఆడి ఒక్క వికెట్టూ తీయలేదు. ఆపైన ఆరేళ్లు పిలుపు లేదు. తండ్రిలాగే ఒక్క టెస్టుతో సరి అనుకున్నారంతా. 2007లో హెడింగ్లీలో వెస్టిండీస్ మీద మళ్లీ పిలిచారు, ఎనిమిది వికెట్లు. మొత్తం ఇరవై రెండు టెస్టులు ఆడాడు. పెద్దాయన క్రికెట్ చూసేవారైతే ఈ ఒక్క ముక్క చాలు, మీ తప్పు మాఫీ.

అదే ఏడాది మన జట్టు మీద మూడు టెస్టులూ ఆడాడు. అటువైపు సైడ్‌బాటమ్, ఇటువైపు వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. అదీ ఊరి పేరే చూడండి. అక్కడివాళ్లు మనవాడి ఇంటిపేరు పలకలేక మూడు అక్షరాలతో సరిపెట్టుకున్నారు.

గోదావరిగట్టు
అంటే ఆ రోజు పెద్దకోన వారబ్బాయి వంగీపురం వారబ్బాయికి బంతి వేశాడు. ఇది నిడదవోలులో జరిగిన మ్యాచిలా లేదూ?

పాస్‌పోర్టు_బాధితుడు
మీరు ఇంటిపేర్ల అర్థాల దగ్గరే ఉన్నారు, మా బాధ వేరు. వాళ్లకు ఇంటిపేరు చివర, మనకు ముందు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. పేరంతా ఇంకో గడిలోకి పోయింది. ఇప్పుడు ఈ దేశంలో ప్రతి ఉత్తరం మీదా మా తాతగారి పేరే నా ఇంటిపేరు. ఆయన ఊరు దాటకుండా బతికారు, ఇప్పుడు విదేశాల్లో కరెంటు బిల్లులు అందుకుంటున్నారు.

మాంచెస్టర్_అత్తయ్య
నేను మా ఆయన ఇంటిపేరుకు మారినందుకు మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాను. ఒక చోట వంకాయల, ఒక చోట వంకయల, ఆసుపత్రిలో వంకాలా.

పాతపటం
అదే సైడ్‌బాటమ్, సైడ్‌బోథమ్ కథ. 1538లో చర్చీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయాలని హుకుం వచ్చింది. వచ్చినవాడికి చదువు రాదు, రాసే పాదిరికి చెవిన పడిందే అక్షరం. అన్నదమ్ములకు రెండు రాతలు. 1837లో ప్రభుత్వ నమోదు వచ్చాక మెల్లమెల్లగా గట్టిపడ్డాయి. అత్తయ్యగారూ, రెండు వందల ఏళ్ల తరవాత ఎవరో మీ మూడు రాతలనూ పటం మీద గీసి వాదించుకుంటారు.

మాంచెస్టర్_అత్తయ్య
ఆసుపత్రి రాతను పట్టుకున్నవాడు ఓడిపోవాలని కోరుకుంటున్నాను.

కడప_మిర్చి
శుక్రవారం అయిపోయింది. పిల్లిగారు ఏరీ?

గోదావరిగట్టు
పిల్లి సంచిలోంచి బయటికి రాలేదా?

హడర్స్‌ఫీల్డ్_పిల్లి
వచ్చింది. చెబుతాను.

వెళ్లగానే క్షమించమన్నాను. "దేనికి?" అన్నారు. సోమవారం నవ్వినందుకు అన్నాను. "పదేళ్ల వయసు నుంచి వింటున్నాను, నువ్వు కనీసం దగ్గావు" అన్నారు. అప్పుడు పురుగుగారు చెప్పిన వెడల్పు లోయ సంగతి చెప్పాను. ఆయనకు తెలుసు. వాళ్ల తాతగారు పుట్టింది గ్లోసప్‌లోనట, పాతపటంగారి పటం మధ్యలోనే పడింది. నాయనమ్మ మాత్రం పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఎవరడిగినా "సిడీబొటోమ్" అనే చెప్పేదట. తాతగారు పక్క గదిలోంచి "సైడ్‌బాటమ్!" అని అరిచేవారట. ఇది చెబుతూ ఆయన మొదటిసారి నవ్వారు.

క్రికెట్ ముక్క వేశాను. మూడోఅంపైర్‌గారూ, బెడిసికొట్టింది. ఆయనకు క్రికెట్ పడదు. రగ్బీ చూస్తారు. ర్యాన్ మీకు చుట్టమా అని ఈ ఊళ్లో వారానికి ఒకరు అడుగుతారట. చుట్టం కాదట. జన్యుల_జాబితాగారి లెక్క ప్రకారం అయి ఉండవచ్చని చెబితే, "వాడికి చెప్పకు, టికెట్లు అడుగుతానని భయపడతాడు" అన్నారు.

చివరకు నన్నే పట్టుకున్నారు. "మాది లోయ, సరే. మీకు పిల్లి ఎందుకు వచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. రాత్రి మా నాన్నకు ఫోను చేశాను. "పిల్లి అంటే పిల్లే, దానికి మళ్లీ ఎందుకేమిటి" అన్నారు. అయిదు నిమిషాల తరవాత ఆయనే తిరిగి ఫోను చేసి, "మన పెద్దనాన్నను అడిగి చెబుతాను ఉండు" అన్నారు. ఎదురుచూస్తున్నాను.

రిటైర్డ్_మాస్టారు
పెద్దనాన్నగారు చెప్పింది ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. మెరుగులు దిద్దవద్దు.

మూడోఅంపైర్
రగ్బీయా. ఆ ఇంటిపేరుతో.

పాస్‌పోర్టు_బాధితుడు
మా కొత్త ఇంటి యజమాని పేరు ఫెదర్‌స్టన్‌హా అని ఒప్పందం కాగితంలో చదివాను. నిన్న అలాగే పిలిచాను. ఆయన చాలాసేపు నన్నే చూశారు. ఏమైనా తప్పు అన్నానా?

నిఘంటువు_పురుగు
"ఫ్యాన్‌షా" అని పలికేవాళ్లున్నారు.

పాస్‌పోర్టు_బాధితుడు
అంత పొడవు రాసి?

నిఘంటువు_పురుగు
అంత పొడవు రాసి. దానికి వేరే చర్చ తెరవండి, వస్తాను.